గుండె మీది బిళ్ళ

"సున్నా," అన్నాడు సేఫ్టీ ఆఫీసరు అమర్నాథ్. "ఏడాదిన్నరగా నీ బ్యాడ్జీకి కిరణాలేమీ తగల్లేదు మౌలాలీ. తగలనప్పుడు, ఈ జబ్బు మా పనివల్ల వచ్చిందని కంపెనీకి ఎట్లా చెప్పమంటావు?"

గోడకు ఆనుకొని మంచంమీద కూర్చున్న మౌలాలీ తన చేతుల వంక చూసుకున్నాడు. తెల్లగా పాలిపోయిన ఆ చేతులు ఎవరివో అన్నట్టున్నాయి.

నరసరావుపేటలో ఆ వీధివారందరికీ అతని బండి తెలుసు. పసుపుపచ్చ పలకమీద నల్లని మూడు రెక్కల గుర్తు. ఫ్యాక్టరీలలో ఇనుప గొట్టాల అతుకులు గట్టివో కావో కిరణాలతో పరీక్షించే పెట్టె ఒకటి అందులో ఉండేది. ఆ రేడియోధార్మిక పెట్టెను మాచర్ల దాకా ఉన్న సిమెంటు ఫ్యాక్టరీలకు చేర్చి, భద్రంగా తిరిగి తేవడం అతని ఉద్యోగం.

శిక్షణలో చెప్పిన నియమాలలో ఒక్కటీ అతను తప్పలేదు. బండిలో పరాయి మనిషిని ఎక్కించుకోలేదు. సొంత బామ్మర్ది గురజాల రోడ్డులో వానలో తడుస్తూ చెయ్యెత్తినా ఆపకుండా వెళ్ళి, ఇప్పటికీ మాటలు పడుతున్నాడు. బండిని ఒంటరిగా వదలరాదన్నారు గనుక, కాపలా మనిషి రాని రోజుల్లో తానే సీటులో కూర్చొని కాశాడు. పాత వ్యాను మూలపడ్డాక ఇచ్చిన చిన్న జీపులో ఆ సీటుకూ పెట్టెకూ నడుమ మూరెడు దూరమైనా లేదు. అడ్డుగా సీసపు పలకలు బిగిస్తామన్నారు. ఆ మాట మాటగానే ఉండిపోయింది.

ఎముకల్లో రక్తం పుట్టడం ఆగిపోయిందని గుంటూరు డాక్టర్లు తేల్చారు. వైద్యం కంపెనీ భరిస్తే బతుకు; లేదంటే లేదు.

"నిజం చెప్పు," అన్నాడు అమర్నాథ్. "లెక్క పెరిగితే డ్యూటీ ఆపుతారని, బ్యాడ్జీ ఇంట్లో పెట్టి పోయినావు కదూ? చాలామంది చేసే పనే."

"అల్లా మీద ఒట్టు సార్! చెప్పులు మరిచిపోయినానేమోగానీ, అది లేకుండా గడప దాటలా. మా ఆడమనిషిని అడగండి. రోజూ చొక్కాకు తగిలించి ఇచ్చేది ఆమే."

వంటింటి గుమ్మంలో హజ్రా బీ కొంగు తలమీదికి లాక్కుంది.

కొత్తలో ఆ బ్యాడ్జీ బిళ్ళను చూసి ఆమె ఎంత హడలిపోయిందో మౌలాలీకి గుర్తొచ్చింది.

"ఏంది హమీదా అబ్బా ఇది? దీనిమీద ఆ పాడు గుర్తేంది?"

"పిచ్చిమొహమా! ఇది ఒంటిమీదుంటే ఆ కిరణాలు మనిషినేం చెయ్యలేవే," అని సర్దిచెప్పాడు.

అప్పటినుంచి ఆమె దానిని కళ్ళకద్దుకొని మరీ తగిలించేది. ఆఫీసులో బ్యాడ్జీలు మార్చే రోజున ఇంకాస్త పెందలాడే లేచి, సూదీ దారం పక్కన పెట్టుకొని సిద్ధం చేసేది.

ఊయలలో పాప కదిలింది. రెండు గర్భాలు నిలవకపోయాక కూతురు హమీదాకు దక్కిన బిడ్డ. మొలకు ఆకుపచ్చ గుడ్డ తాయెత్తు. హమీదాకు నెల తప్పగానే తల్లి హజ్రా బీయే తెచ్చి కట్టింది. కాన్పయ్యాక అది పాప మొలకు చేరింది. ఏ దర్గాలో ఇప్పించిందో మౌలాలీ అడగలేదు. ఈ ఒక్క ప్రాణమైనా నిలిచింది, అంతే చాలనుకున్నాడు.

"ఆ బ్యాడ్జీ నిన్ను కాపాడే వస్తువు కాదయ్యా," అంటున్నాడు అమర్నాథ్, ఈసారి కాస్త మెత్తగా. "ఒంటికి ఎంత తగిలిందో లెక్కగట్టేది, అంతే. నీ తరఫున మాట్లాడగలిగింది అదొక్కటే. సరే, ఇప్పుడు నీ దగ్గరున్నదైనా ఇవ్వు. అందులో ఏమన్నా తేలితే పైవాళ్ళతో నేను మాట్లాడతా."

మౌలాలీ కళ్ళలో చిన్న మెరుపు మెరిసింది. "ఏమే, ఆ చొక్కా అందుకో."

హజ్రా బీ కదల్లేదు.

అతనే గోడ పట్టుకొని లేచి, కొక్కేనికున్న చొక్కానుంచి బ్యాడ్జీ ఊడదీసి ఇచ్చాడు. అమర్నాథ్ దాని మూత తెరిచాడు.

లోపల ఖాళీ.

"లెక్క ఎక్కే కార్డేది?"

మౌలాలీ ఖాళీ బిళ్ళలోకి తొంగిచూశాడు. తెరవకూడదన్నారు, అతను ఏనాడూ తెరవలేదు.

"నీకోసం పైవాళ్ళ కాళ్ళు పట్టుకుందామనుకున్నా చూడు, నాకు బుద్ధి లేదు!" అమర్నాథ్ విసురుగా లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

"సార్..." హజ్రా బీ గుమ్మం దాటి ముందుకొచ్చింది. "నిజంగానే అది మనిషిని కాపాడదా?"

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? కాపాడదు."

ఆమె ఊయల దగ్గరికి నడిచి, నిద్రపోతున్న పాప మొలనున్న ఆకుపచ్చ తాయెత్తు కుట్లు పళ్ళతో తెంపి, మౌలాలీ పేరు అచ్చువేసి ఉన్న కార్డును తీసి భర్త చేతిలో పెట్టింది.