తాబేలు ఎత్తని తల

గట్టు ఇసుకలో ఎవరి గుడ్లనూ ఎవరూ ముట్టుకోకూడదన్నది ఆ చెరువు కట్టుబాటు. దాన్ని మార్చాలంటే తొలకరినాడు గట్టు కావలివాడు పెట్టే సభలో అడగాలి. ఇద్దరు వద్దని తలెత్తితే చాలు, మారదు.

"కావలి కాసేవాడికి ఆ కట్టుబాటు తీసెయ్యండి," అంది కావలి ఉడుము.

తీతువుపిట్ట ఒక్కతే తలెత్తింది. "నువ్వూ ఎత్తక్కా!" అని తాబేలును బతిమాలింది.

"నా గుడ్లు లోతుగా పాతుకున్నాను. నాకెందుకమ్మా ఈ గోల?" అంటూ తాబేలు తల డిప్పలోకి లాక్కుంది.

ముందు తీతువు గుడ్లు పోయాయి. తర్వాత తాబేలు గుంత చుట్టూ పెంకులే మిగిలాయి.

"ఈ చెరువుకి కట్టుబాటంటూ లేదా?" అని ఏడ్చింది తాబేలు.

"అందరినీ అడిగే మార్చాం. నీ తలే కనబడలేదు," అంది ఉడుము మూతి నాక్కుంటూ.

మరుసటి తొలకరికి తాబేలు అందరికంటే ముందొచ్చి, మెడ సాచి కూర్చుంది.

ఉడుము ఆ ఏడు సభే పెట్టలేదు.