పదకొండు ఈలలు

“మంట దగ్గర కూర్చో పెద్దమ్మా, ఆ గాలికి కొయ్యబారిపోతావు” అని నీళ్ళలోకి దిగబోతూ యోంగ్జా మూడోసారి అరిచింది.

గప్సున్ వెనక్కి తిరగలేదు. రాతిగోడ చాటున వెచ్చగా మంట ఉంది, దాని మీద బార్లీ టీ కాగుతోంది. అదంతా వదిలేసి ముసలామె ఎత్తుబండ ఎక్కి సముద్రంవైపు చూస్తూ కూర్చుంది.

“అలిగింది” అంది యోంగ్జా కోడలు మిరాన్. “డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషిని ఇక మునగొద్దంటే అలగదా అత్తా?”

“అలిగితే అలగనీ. మొన్న పక్కూళ్ళో మునిగిన మనిషి తేలనే లేదు. గట్టున చూసేవాళ్ళుంటే బతికేది.”

జేజు దీవిలో గవ్వల కోసం మునిగే ఆడవాళ్ళు పైకి తేలగానే బిగబట్టిన ఊపిరిని ఈలలా వదులుతారు. ఎవరి ఈల వారిదే. ఈ ఊళ్ళో మునిగేది పదకొండు మంది. ఆ పదకొండు ఈలలూ వింటూ, ఏదైనా తగ్గితే కంచుపళ్ళెం మోగించడం ఇవాళ్టి నుంచి గప్సున్ పని. అరవై ఏళ్ళు మునిగిన మనిషి కంటే ఈ పని ఇంకెవరికి చేతనవుతుంది?

కానీ పొద్దున్నుంచీ ఆమె తీరు యోంగ్జాకు ఒళ్ళు మండిస్తోంది. పని అప్పజెబుతుంటే మొహంలోకి గుచ్చి గుచ్చి చూసింది. “సరే” అని ఊరంతటికీ వినబడేలా అరిచింది. ఆ పైన, నీళ్ళ మీద ఆసరాకి పట్టుకునే బెండుల్లో ఒక్కొక్కరి దానికీ ఒక్కో రంగు గుడ్డపేలిక కట్టింది.

“ఇదేమన్నా పెళ్ళి ఊరేగింపా?” అని అందరూ నవ్వారు.

మధ్యాహ్నానికి అలలు పెరిగాయి. యోంగ్జా తేలి, ఈల వేసి, బెండు పట్టుకుని రొప్పుతోంది. అప్పుడు మోగింది కంచు.

గప్సున్ లేచి నిలబడి పళ్ళెం బాదుతోంది. మధ్యమధ్య కర్రతో ఎడమవైపు చూపిస్తోంది. అక్కడ పసుపు పేలిక కట్టిన బెండు ఒంటరిగా ఊగుతోంది. అది మిరాన్‌ది.

యోంగ్జా రొప్పుతూనే తన బెండు వదిలేసింది. ఈదుకుంటూ వెళ్ళి అక్కడ మునిగింది. అడుగున బండసందులో మిరాన్ గింజుకుంటోంది. బండని కరుచుకున్న పెద్ద గవ్వపురుగు ఒకటి, తనని ఊడదీయబోయిన ఇనపబద్దని బండకేసి నొక్కిపట్టేసింది. బద్ద తాడేమో మణికట్టుకు బిగుసుకుంది. ఊపిరి అయిపోవస్తున్నా ఇంకొక్క గవ్వకి ఆశపడితే జరిగేది ఇదే. యోంగ్జా నాచు కోసే కొడవలితో తాడు తెంపి, కోడల్ని జుట్టు పట్టుకుని పైకి లాగింది.

తేలాక మిరాన్ ఈల వేయలేదు. వాంతి చేసుకుంది, తర్వాత భోరున ఏడ్చింది. ఆ ఏడుపు చెవినబడ్డాక గానీ యోంగ్జాకు ప్రాణం కుదుటపడలేదు.

అందరూ మంట చుట్టూ మూగారు. మిరాన్ తల తుడుస్తున్న గప్సున్ ఎదుట యోంగ్జా కూలబడి, ఆమె చేతులు పట్టుకుంది.

“పొద్దున్న నిన్ను తిట్టుకున్నాను పెద్దమ్మా. ఇంత గాలిలో ఒక్క ఈల తగ్గిందని పసిగట్టావే, నీ చెవులకి దణ్ణం. ఇక మా ప్రాణాలకి కాపలా నువ్వే.”

గప్సున్ ఆమె పెదాలవైపే చూసి, “సరే” అని గట్టిగా అంది.

వెనక ఎవరి మోచెయ్యి తగిలిందో, టీ కెటిల్ జారి కంచుపళ్ళెం మీద దభేలున పడింది.

అందరూ ఉలిక్కిపడ్డారు, ఒక్క గప్సున్ తప్ప.