వదులు బోల్టు

"ఇంజిన్ కొట్టుకుంటోంది మామయ్యగారూ," అన్నాడు అల్లుడు, గది గుమ్మంలో నిలబడి.

మంచం మీదున్న మామగారు పేపరు దించలేదు. "ఇంజినా, తమరి తలకాయా?"

"ఇంజినేనండీ. ఒకటే చప్పుడు."

"టక్ టక్‌మనా, టిక్ టిక్‌మనా, దబ్ దబ్‌మనా?"

అల్లుడు కాసేపు ఆలోచించాడు. "మూడూ ఒకటే కాదాండీ?"

పేపరు దిగింది. మామగారు బస్సుల గ్యారేజీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. అక్కడ ఆయన నోట తిట్లు తినని మెకానిక్కు లేడు. మోకాలికి ఆపరేషనై కూతురింటికి వచ్చాక, తిట్టడానికి ఆయనకు అల్లుడొక్కడే మిగిలాడు. ఆ అల్లుడూ అందుకు తగినవాడే. లెక్కల్లో పెద్ద పట్టా ఉంది, స్క్రూడ్రైవరు ఏ కొసన పట్టుకోవాలో తెలియదు. పనిచేసే కంపెనీ మూతపడ్డ దగ్గర్నుంచి గడ్డం పెంచుకుని, గోడవైపు తిరిగి మంచం మీద పడి ఉండేవాడు. చూసి చూసి భార్యే లేపి ఒక పని అప్పజెప్పింది.

"నడవకపోతే నాన్న కాలు బిగుసుకుపోతుందన్నాడు డాక్టరు. నేనా ఆఫీసుకు పోవాలి. మీరే ఎలాగోలా నడిపించండి."

బతిమాలితే మామగారు ముసుగు తన్నేవారు. ఆయన మంచం దిగాలంటే ఎదురుగా ఒక మూర్ఖుడు ఉండాలని అల్లుడికి తొందరగానే అర్థమైంది. మొన్న కారే కుళాయి, నిన్న తిరగని ఫ్యాను, ఇవాళ కారు.

"ఆయిల్ ఎంతుందో చూశారా?"

"ఫుల్లుగా ఉందండీ. నిన్ననే పెట్రోలు కొట్టించాను."

మామగారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. "ఆ కర్ర ఇలా ఇవ్వండి. మిమ్మల్ని ఒంటరిగా వదిలితే ఆ కారును తూకానికి అమ్ముకోవాలి."

మెట్టుకొక తిట్టు చొప్పున కిందికి దిగారు. అల్లుడు రెక్క పట్టుకోబోతే, "పట్టుకోవలసింది స్పానరు, నన్ను కాదు," అని విదిలించుకున్నారు. అల్లుడు కుర్చీ మోసుకుంటూ వెనకాలే వెళ్ళాడు.

కారు స్టార్టు చేయించారు. యాక్సిలరేటరు తొక్కమంటే అల్లుడు కంగారులో హారన్ కొట్టాడు. పక్కింటావిడ బాల్కనీలోంచి తొంగి చూసింది.

"ఏం లేదమ్మా, మా అల్లుడుగారు కారు బాగుచేస్తున్నారు. పిల్లల్ని లోపలికి పిలుచుకోండి," అన్నారు మామగారు. తర్వాత ఇటు తిరిగి, "కారు నిలబడే ఉంది. అయినా చప్పుడొస్తోంది. అంటే?"

"అంటే... చక్రాల్లోది కాదు."

"తొక్కేకొద్దీ చప్పుడు జోరందుకుంటోంది. అంటే?"

"ఇంజిన్‌తోపాటు తిరిగేదేదో అన్నమాట."

"అబ్బో, చదువు ఊరికే పోలేదు. ఆ పొడుగు స్క్రూడ్రైవరు తీసుకోండి. కొస ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకోండి. చెవి దగ్గర, ముక్కు దగ్గర కాదు. పైన ఏం వినిపిస్తోంది?"

"సన్నగా, సమంగా ఏదో ఆడుతోందండీ."

"వాల్వులు బాగున్నాయి. కింద?"

"కింద బొయ్యిమంటోంది అంతే."

"అక్కడ దబ్ దబ్‌మని కొడితే ఇంజిన్ మొత్తం విప్పాల్సొచ్చేది. బతికిపోయారు. ఇప్పుడు పక్కన, డైనమో మీద పెట్టండి. చొక్కా చేతులు మడవండి ముందు, బెల్టుకు అల్లుడని మర్యాద ఉండదు."

అల్లుడు చేతులు మడిచి, స్క్రూడ్రైవరు డైనమోకి ఆనించాడు. వెంటనే ఉలిక్కిపడి చెవి వెనక్కి తీసుకున్నాడు. "ఇక్కడేనండీ. టక్ టక్‌మంటోంది."

"ఇంజిన్ ఆపి, చేత్తో కదిపి చూడండి."

కదిపితే డైనమో పాలపన్నులా ఊగింది. దాన్ని పట్టి ఉంచే బోల్టు వదులుగా ఉంది. మామగారు వంగి ఆ బోల్టు తలను వేలితో తడిమారు. అల్లుడు పెట్టెలోంచి పెద్ద స్పానరు తీస్తే, "అది లారీలకు," అన్నారు. చిన్నది తీసి తిప్పబోతే, "అటు తిప్పితే ఊడొస్తుంది. తమరు బిగించడానికే వచ్చారు కదా?" అన్నారు.

బోల్టు బిగిసింది. మళ్ళీ స్టార్టు చేస్తే ఇంజిన్ మెత్తగా ఆడింది. అల్లుడి మొహం చేటంత అయింది. పొద్దున్నే లేచి ఆ బోల్టును వదులు చేసింది తానేనన్న సంగతి ఆ కాసేపూ అతనికి గుర్తే లేదు.

సాయంత్రం భార్య రాగానే వంటింట్లోకి లాక్కెళ్ళి చెప్పాడు. "బోల్టు ఒకటి వదులు చేశానంతే, మెట్లు దిగారు, ఎక్కారు. నేను మోసుకెళ్ళిన కుర్చీలో అసలు కూర్చోనే లేదు. ఎన్ని తిట్లు తింటేనేం, ఆయన కాలు నా చేతిలో బాగుపడుతోంది. రేపటికి వైపరు ఎలా పాడుచెయ్యాలో వీడియోలు చూస్తున్నాను. ముందు తినడానికేమైనా పెట్టు, ఆకలేస్తోంది."

ఆమె భర్తను ఎగాదిగా చూసింది. గడ్డం నున్నగా గీసుకున్నాడు, గోళ్ళనిండా నూనె మరకలు. అడిగి తినడం ఎన్నాళ్ళ తర్వాతో. ఆమె మనసు తేలికపడింది. అంతలోనే తండ్రి మీద కోపమూ వచ్చింది. టీ పట్టుకుని ఆయన గదికి వెళ్ళింది.

"నాన్నా, ఆయన్ని అన్నన్ని మాటలంటావేంటి? నువ్వు నడవాలని పాపం ఆ బోల్టు ఆయనే వదులు చేశాడు."

"తెలుసు. తప్పు స్పానరుతో విప్పి బోల్టు తలంతా గీతలు పెట్టాడు. పాడుచెయ్యడం కూడా చేతకాదు."

"తెలిసీ అన్ని మెట్లు దిగావా? మరి కాలు నొప్పెట్టలేదూ?"

మామగారు వంటింటి వైపు చెవి పెట్టారు. అల్లుడు ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ఆయన గొంతు తగ్గించారు.

"నా కాలు ఎప్పుడో బాగైందే. నేను మంచం మీంచి లేపుతున్నది అతన్ని."