సముద్రానికి వీపు పెడితే

నిఘంటువు ఆఫీసులో మూడు రోజులుగా ఒకే ఒక్క మాట దగ్గర బండి ఆగిపోయింది.

ఆ మాట 'అప్‌కంట్రీ'.

"అప్ అంటే పైకి. కంట్రీ అంటే దేశం. ఎగువ దేశం, కొండ ప్రాంతం. ఇందులో తర్కించడానికి ఏముంది?" అన్నారు మాస్టారు.

ఆయన ప్రధాన సంపాదకుడు. ముప్ఫై ఏళ్ళుగా ఇంగ్లీషు మాటలకు మన మాటలు వెతకడమే ఆయన పని.

"కొండలు లేని చోటికి కూడా వాళ్ళు ఆ మాట వాడుతున్నారు మాస్టారూ. నాకు దొరికిన నాలుగు వాక్యాల్లో మూడింట నేల చదునుగానే ఉంది," అంది సహాయ సంపాదకురాలు.

ఉద్యోగంలో చేరి ఆమెకు ఏడాది కూడా కాలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం ఆయన. దాన్ని బల్ల మీద నిలబెట్టి నాలుగో కాలు చూపించే రకం ఆమె.

సాయంత్రం ఐదింటికి ఆ పేజీ అచ్చుకు వెళ్ళాలి. తప్పు అర్థం పడిందంటే పదేళ్ళపాటు బడిపిల్లలంతా దాన్నే వల్లె వేస్తారు.

"నాకు నమ్మకం లేని అర్థం పెట్టేటట్టయితే, పుస్తకంలోంచి నా పేరు తీసేయండి," అంది ఆమె.

మాస్టారు ముఖం కందగడ్డ చేసుకున్నారు.

అప్పుడు కిటికీ దగ్గర నిచ్చెన మీంచి ఒక దగ్గు వినిపించింది.

కిటికీలకు రంగు వేయడానికి వచ్చిన పెద్దాయన. మూడు రోజులుగా ఆ గదిలోనే ఉన్నాడు గానీ, రంగు వాసన తగలడమే తప్ప ఆయన ఎవరి దృష్టిలోనూ పడలేదు.

"పెద్దవాళ్ళ మాటల్లో నోరు పెడుతున్నాననుకోకండయ్యా. ఆ మాటలో ఎక్కడం, దిగడం లేదు. సముద్రానికి వీపు పెట్టి ఎంత దూరం నడిస్తే అంత అప్‌కంట్రీ."

మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నారు.

"నీకెలా తెలుసు?"

"రేవులో ఓడలకి రంగులేశానయ్యా, ఇరవై రెండేళ్ళు. కెప్టెన్ ఏడీ అని అడిగితే 'గాన్ అప్‌కంట్రీ' అనేవాళ్ళు. ఒడ్డు వదిలి లోపలికి వెళ్ళాడని. లోపల్నించి వచ్చిన పత్తి అప్‌కంట్రీ పత్తి. లోపల్నించి వచ్చిన మనిషి అప్‌కంట్రీ మనిషి."

"కొండ లేకపోయినా?"

"మా అత్తారి ఊరు చూడాలి మీరు. చెంబుడు నీళ్ళు పోస్తే ఎటు పారాలో తెలీక ఆలోచిస్తూ కూర్చుంటాయి. అదీ అప్‌కంట్రీయే అన్నారు. మా ఆవిడ మటుకు ఒప్పుకోదు. 'మా ఊరు ఉన్నచోటే ఉంది, మీరే ఎక్కడికో పోయి చిట్టచివర కూర్చున్నారు' అంటుంది."

సహాయ సంపాదకురాలు ఫక్కున నవ్వింది.

"నిజమేనమ్మా మరి. అది ఒడ్డున నిలబడ్డవాడి మాట. లోపలున్నవాడు తన ఊరిని ఎందుకు అలా అనుకుంటాడు?"

మాస్టారు పేజీ దగ్గరికి లాక్కున్నారు. తర్వాత 'ఎగువ దేశం' కొట్టేశారు. 'తీరానికి దూరంగా, దేశం లోపలివైపు. తీరంలో ఉన్నవారి వాడుక' అని రాశారు.

రాసి, పెద్దాయన కోసం ఓ కుర్చీ ముందుకి లాగారు.

"కూర్చోండి," అన్నారు.

ఇందాకటిదాకా 'నువ్వు' అన్న మనిషి.

"మరి హింటర్‌లాండ్ సంగతేంటి బాబాయ్? అదీ రేవు వెనకాల ఉన్న నేలేగా?" అంది ఆమె, ఆశగా.

"అది ఓడవాళ్ళ నోట విన్లేదమ్మా. కాగితాలు పట్టుకుని వచ్చే ఆఫీసర్లు అనేవాళ్ళు."

మాస్టారి కళ్ళు మెరిశాయి. సొరుగులోంచి ఓ కాగితాల కట్ట తీసి ఆయన ముందు పెట్టారు.

"ఇవన్నీ ఓడల మాటలు. ఇంటికి తీసుకెళ్ళి, తీరిగ్గా చూసి, తప్పులుంటే దిద్దిపెట్టండి."

పెద్దాయన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"చేతులకి రంగుందయ్యా, పాడైపోతాయి. అమ్మాయి చదువుతుంది, నేను వింటాను."

ఆమె చదివింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. మధ్యమధ్య ఆపి ఓ కెప్టెన్ గొంతుతో ఒకలాగ, ఓడ వంటవాడి గొంతుతో ఇంకోలాగ ఆ మాటల్ని అని చూపించాడు. మాస్టారు కడుపు పట్టుకుని నవ్వుతూనే పదహారు అర్థాలు మార్చారు. డబ్బాలో రంగు మీగడ కట్టింది.

ఐదింటికి పేజీ అచ్చుకు వెళ్ళింది, ఆమె పేరుతో సహా.

మర్నాటితో కిటికీల పని అయిపోయింది. పెద్దాయన వెళ్ళిపోయాడు. కనీసం పేరైనా అడగలేదే అని ఇద్దరికీ వారం తర్వాత గుర్తొచ్చింది.

పుస్తకం బయటికొచ్చాక ఉత్తరాలు వచ్చిపడ్డాయి. 'ఓడల మాటలు చూసిన ఆచార్యులెవరు?' అని ఏ ఉత్తరంలో చూసినా ఒకటే ప్రశ్న.

"ఆచార్యులవారు లేకుండా రెండో ముద్రణ ఎలా వేస్తాం? సలహా మండలిలో మొదటి పేరు ఆయనదే," అన్నారు మాస్టారు.

ఆమె పెద్దాయన్ని పనికి పంపిన రంగుల మేస్త్రీ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి పేరూ చిరునామా సంపాదించింది. మాస్టారు స్వయంగా రెండు పేజీల ఉత్తరం రాసి, అంగీకార పత్రం జతచేసి పంపారు.

పదో రోజున ఆ పత్రం తిరిగి వచ్చింది.

మాస్టారు కవరు చించి చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. ఆయన ముఖంలోకి మెల్లగా నవ్వు వచ్చింది.

"ఒప్పుకున్నాడమ్మాయ్," అని కాగితం ఆమె చేతికిచ్చారు.

'పై విషయాలు స్వయంగా చదివి అంగీకరిస్తున్నాను' అన్న అచ్చు వాక్యం కింద, సంతకం ఉండాల్సిన చోట, ఎక్కడా అలుక్కుపోకుండా జాగ్రత్తగా వేసిన బొటనవేలి ముద్ర ఉంది.