సాలీడు తీసుకున్న సాక్ష్యం

కుంకుడు పూత మాదంటే మాదని రెండు తేనెపట్లు తగువులాడుకుని, తీర్పు చెప్పమని సాలీడు దగ్గరికి వెళ్లాయి.

"సాక్షుల్ని పంపండి, నిదానంగా వింటాను," అంది సాలీడు. సాక్షి చెప్పే ఒక్కో మాటకు ఆ సాక్షి ఒంటికి ఒక్కో పోగు చుట్టడం దాని పద్ధతి. అన్న మాట వెనక్కి పోకూడదట!

తేనెటీగలు ఒకదాని వెంట ఒకటి వెళ్లాయి. ఏదీ తిరిగి రాలేదు. "మనవాళ్లు ఎంత గట్టిగా చెబుతున్నారో!" అని రెండు పట్లూ మురిసిపోయాయి.

ఈలోగా పూతంతా రాలిపోయింది. పిల్లలకు తేనెచుక్క కరువై, ఓ రాణీగ తానే వచ్చి సాలెగూటి అంచున వాలింది. గూటినిండా తనవాళ్లే. ఒట్టి డొల్లలై గాలికి తలలూపుతున్నారు.

"తగువొద్దు మామా, పూతా వద్దు. నన్ను పోనీ," అంది.

"అలాగే తల్లీ," అంది సాలీడు దగ్గరికి జరుగుతూ. "తగువొద్దన్నావు చూడు, అదీ సాక్ష్యమే. ఏదీ, మొదటినుంచీ చెప్పు."