అపొలోనమ్మ పటం

పొద్దున్నుంచీ అతనికి కాళ్లూ చేతులూ ఆడటం లేదు. కాఫీ గొంతు దిగలేదు.

"పన్ను పీకడానికి ఇంత భయమా! చోద్యం కాకపోతే?" అంది భార్య.

"మామూలు పన్ను కాదే. కోరపన్ను. పుచ్చిపోయి చీము పట్టింది."

"అయితే ఏం? దానికీ ఒక తల్లి ఉంది."

ఆవిడ దగ్గర అన్ని పనులకీ చర్చిలో కొలిచే పునీతులున్నారు. నిప్పులార్పేవాళ్లకి ఫ్లోరియన్. తేనెటీగలు పెంచేవాళ్లకి ఆంబ్రోస్. టీవీలో బొమ్మ రాకపోతే క్లారమ్మ. వంటవాళ్లకి లారెన్సుగారు. ఆయన్నే నిప్పుల మీద కాల్చారు మరి, మాడు సంగతి ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది!

పంటికి అపొలోనమ్మ. ఆవిడ పటం ఒకటి వెతికి తీసి, మొగుడి చొక్కా జేబులో పెట్టింది.

"ఈవిడొక్కతే చాలంటావా?" అన్నాడు నీరసంగా.

"బాగుంది! ఒక్క పంటికి ఎంతమంది కావాలండీ?"

సంగతంతా చెబితే ఆవిడ గడప దాటనివ్వదు. వస్తానని మాటిచ్చేశాడు, వెళ్లక తప్పదు.

ఆ గదిలోకి అడుగు పెట్టగానే ఘాటుగా మందుల వాసన. నెత్తిమీద కళ్లు చెదిరే లైటు. ట్రేలో వరుసగా పటకార్లు.

"మత్తిచ్చేశాం కదండీ, ఇంకా భయం దేనికి?" అంది అక్కడి డాక్టరమ్మ.

"మధ్యలో దిగిపోతే?"

"దిగదు. ఇరవై నిమిషాలు ఢోకా లేదు."

"ఖాయమేనా?"

"దాదాపు."

ఆ 'దాదాపు' వినగానే అతని పైప్రాణాలు పైనే పోయాయి. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. భార్య గుర్తొచ్చింది, పిల్లలు గుర్తొచ్చారు. ఇంటికి వెళ్తానో లేదోనని ఏడుపొచ్చినంత పనైంది. ఒక్క ఉదుటున పారిపోదామని వెనక్కి చూశాడు. తలుపు గడియ వేసి ఉంది. దానికి అడ్డంగా ఇద్దరు బలిష్ఠులు నిలబడి ఉన్నారు.

"గడియెందుకండీ?" అన్నాడు.

"ఇక్కడి పద్ధతండీ. ఊఁ, కానిద్దామా? టైం అయిపోతోంది."

తల్లీ, ఎలాగైనా నన్ను ఇల్లు చేర్చమ్మా అనుకుని గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

ఇరవై ఏళ్లుగా జనం పళ్లు పీకుతున్న ఆ పళ్లడాక్టరు కళ్లు తెరిచి, పటకారు అందుకుని, మోచేతిదాకా చెయ్యి పెట్టాడు సింహం నోట్లో.