ఎనిమిదికి మార్చిన మీటింగ్

"విమల గారూ, రేపటి మీటింగ్ పదికి వద్దు, ఎనిమిదికి మార్చేయండి," అన్నాడు మేనేజర్ అనీష్.

ఆఫీస్ అసిస్టెంట్ విమలకుమారి టేబుల్ మీద పేర్ల కార్డులు సర్దుతోంది. "రాత్రికి మంచు పడుతుందట."

"మన నోవై ఊళ్లో మంచు కొత్తా? అందరూ డ్రైవ్ చేసుకొస్తారులెండి."

"పోయిన జనవరిలోనూ ఇదే మాటన్నారు. మీరు మెయిల్ పెట్టారు, నేను ఎనిమిదికి మార్చాను. మన టీమ్‌లోని సుందర్ రాజ్ గారు 'వస్తున్నా' అని రిప్లై ఇచ్చారు. పొద్దున ఏడున్నరకి హైవే మీద మంచుకి కారు జారి చనిపోయారు."

"మార్చమన్నది నేనా?"

ఆమె లాప్‌టాప్ అతని వైపు తిప్పింది. అనీష్ ఆ మెయిల్ రెండుసార్లు చదివాడు.

"ఇది ఇంకెవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు. నేను మాత్రం మీటింగ్ పెట్టిన ప్రతిసారీ చూస్తాను."

కిటికీ అవతల పార్కింగ్‌లో మంచు మొదలైంది.

"పదికే ఉంచండి," అన్నాడు.